లంకావీ, కో లిపే: పక్కపక్క దీవులు, గంట తేడా

లంకావీ మలేషియాది, కో లిపే థాయ్‌లాండ్‌ది. మధ్యలో పడవ మీద గంట, గంటన్నర ప్రయాణం. రెండూ 99, 100 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అక్కడా దాదాపు ఒకేసారి తెల్లవారుతుంది. గడియారాల్లో మాత్రం గంట తేడా. మన టైం కన్నా లంకావీ రెండున్నర గంటలు ముందుంటే, లిపే గంటన్నరే ముందుంటుంది.

1982 జనవరి 1న మలేషియా ద్వీపకల్పం గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, బోర్నియో దీవిలో ఉన్న తమ రాష్ట్రాలు సబా, సరవాక్‌ల టైంతో కలిపేశారు. దాంతో పడమటి అంచున ఉన్న లంకావీలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట దాటిపోతుంది. జనవరిలో అక్కడ తెల్లవారేది ఏడున్నరకి, పొద్దుగూకేది ఏడుంబావు దాటాక. లిపేలో ఇవే ఆరున్నరకి, ఆరుంబావు దాటాక.

ఈ ఒక్క గంటే రెండు ఊళ్ల తీరును మార్చేసిందని నాకు గట్టిగా అనిపించింది. లంకావీలో జనం ఎక్కువగా దిగే పంతాయ్ చెనాంగ్ సాయంత్రాల ఊరు. పని ముగించుకున్న స్థానిక కుటుంబాలు పిల్లల్ని తీసుకుని తీరిగ్గా బీచికి వస్తాయి, ఇంకా బోలెడంత వెలుతురు ఉంటుంది. చీకటి పడ్డాక మామక్ హోటళ్లు, అంటే తమిళ ముస్లింలు నడిపేవి, కిటకిటలాడతాయి. రోటీ చనాయ్ చేసే అతను నూనెలో నానిన మైదా ముద్దని బల్ల మీద చరిచి, గాల్లో తిప్పి, పంచె అంచంత పల్చగా సాగదీసి, నాలుగు మడతలు పెట్టి పెనం మీద వేస్తాడు. పక్కన పప్పు పోసిస్తారు. శాకాహారులకి ఇంతకంటే దిగులులేని భోజనం ఈ యాత్రలో దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నమాజు వేళ చాలా కొట్లు మూసేస్తారు. లంకావీ ఉన్న కెడా రాష్ట్రంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, బ్యాంకు పనులుంటే గుర్తుపెట్టుకోండి.

లిపే తెల్లవారుజాము ఊరు. సన్‌రైజ్ బీచిలో ముక్కుకి రంగు గుడ్డలు కట్టిన పొడవాటి పడవలు వరసగా నిలబడి ఉంటాయి, నీళ్లు అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉంటాయి. దీవంతా నడిచి తిరిగేయొచ్చు. ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు ఉరక్ లవోయ్ అనే సముద్ర జాలర్లు. రిసార్టులు పెరిగేకొద్దీ వాళ్ల భూములమీద తగాదాలు ముదిరాయి. అందుకే స్నార్కెలింగ్‌కి రిసార్టు ప్యాకేజీ కాకుండా వాళ్ల పడవే మాట్లాడుకోమని నేను చెప్తాను, డబ్బు నేరుగా వాళ్ల చేతికే వెళ్తుంది.

బస విషయంలో నా ఓటు లంకావీకే. అదే డబ్బుకి చెనాంగ్‌లో ఏసీ, వేడినీళ్లు, శుభ్రమైన మంచం దొరికాయి. లిపేలో కూరగాయల నుంచి మంచినీళ్ల దాకా పడవలోనే రావాలి, అందుకే అన్నీ ఖరీదు. మేం దిగిన చోట వేడినీళ్లు ఉంటాయని బుకింగ్‌లో రాసి కూడా ఇవ్వలేదు, అడిగితే పట్టించుకోలేదు. తిండిలో ఫిష్ సాస్ వద్దని ప్రతి చోటా ముందే చెప్పాలి.

పెద్దవాళ్లని తీసుకెళ్తే లంకావీలో ఎక్కువ రోజులు ఉండండి. కారు దొరుకుతుంది, కేబుల్ కారు ఎక్కి మాట్ చిన్‌చాంగ్ కొండ చూడొచ్చు. లిపేలో పడవ దిగేటప్పుడు బ్యాగు భుజాన వేసుకుని నీళ్లలోకి దిగాల్సి రావచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది కష్టం. సముద్రం కోసమే వెళ్లేవాళ్లు మాత్రం లిపేకి ఎక్కువ రోజులు ఇవ్వండి.

రెండు దీవుల మధ్య నేరుగా పడవలు నడిచేది సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే, వానాకాలంలో ఆపేస్తారు. టికెట్ మీద ఉండేది ఎక్కే చోటి టైం. లిపేలో పదకొండుకి ఎక్కితే లంకావీలో దిగేసరికి ఒంటిగంట దాటుతుంది, కాబట్టి అదే రోజు ఫ్లైట్ పెట్టుకునేవాళ్లు ఆ గంటని ముందే లెక్కేసుకోండి.