శ్రీకాకుళంలో డ్రాట్ బీరు మెషీన్ సర్వీసు: గ్యాస్ నాబ్ ముట్టుకోని మెకానిక్

శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైపు బార్ అండ్ రెస్టారెంట్ నడిపేవాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నాను. బాటిల్ బీరు అమ్మడానికి మంచి ఫ్రిజ్ ఉంటే చాలు. ట్యాప్ తిప్పి గ్లాసులోకి పట్టే డ్రాట్ బీరు అలా కాదు. కెగ్ (బీరు వచ్చే స్టీలు డ్రమ్ము), కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్, పైపు, బీరుని చల్లబరిచే చిల్లర్, ట్యాప్, చివరికి గ్లాసు. వీటిలో ఏ ఒక్కటి తేడా చేసినా కస్టమర్ టేబుల్ మీదకి సగం గ్లాసు నురగే వెళ్తుంది. దాన్ని బాగుచేసే మనిషి మన ఊళ్లో దొరకడం ఎంత కష్టమో, పాలకొండ రోడ్డులో ఒక బార్‌కి మేనేజరుగా ఉన్న నాకు తెలుసు. రణస్థలం మండలం బంటుపల్లిలో అంత పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉన్న జిల్లా మనది. అలాంటి చోట ఒక గ్లాసు డ్రాట్ సరిగ్గా పొయ్యలేకపోవడం నాకు నిజంగా బాధగా ఉండేది.

ఇప్పుడు ఒకాయన దొరికారు. డే అండ్ నైట్ జంక్షన్ దాటాక ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేసే చిన్న షాపు ఆయనది. వయసులో నాకన్నా పెద్దవారు, మేమంతా మేస్త్రి అనే పిలుస్తాం. ఉన్న పనులకే టైము చాలడం లేదు, పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. ఆ చుట్టుపక్కల అడిగితే షాపు చూపిస్తారు. నా లెక్కలో అయిదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కూడా రాస్తాను.

మా సమస్య ఎండలతో పాటే మొదలైంది. ట్యాప్ తిప్పగానే నురగ. కౌంటర్‌లో కుర్రాడు పైనున్న నురగంతా బకెట్లోకి వంపి మళ్లీ పట్టేవాడు. అందులో పోయేది కూడా డబ్బు పెట్టి కొన్న బీరే. అంతకుముందు మాకు సర్వీసు చేసే బయటి ఊరి టెక్నీషియన్ వచ్చి, గ్యాసు ఒత్తిడిని మార్చే రెగ్యులేటర్ నాబ్ కాస్త తగ్గించి, బిల్లు రాసి వెళ్లిపోయేవారు. ఆ పూటకి కాస్త నయం అనిపించేది. తెల్లారితే మళ్లీ అదే నురగ. పైగా కెగ్ సగానికి వచ్చేసరికి బీరు చప్పబడిపోయేది. పైన నురగ, కింద చప్పదనం, రెండూ ఒకే గ్లాసులో ఎలా ఉంటాయో అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

మేస్త్రి వచ్చిన రోజు రెగ్యులేటర్ మీటరు చూసి, "ఈ నాబ్ ఎవరు తిప్పీసినారు బాబూ?" అని ఒక్కమాట అడిగారు. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. "ముందు సల్లదనం సూద్దాం. గ్యాసు తరవాత." జేబులోంచి సూది థర్మామీటరు తీసి, గంటసేపు ఎవరూ ట్యాప్ తిప్పకుండా ఆపించి, అప్పుడు వరసగా మూడు గ్లాసులు పట్టించారు. మొదటి గ్లాసు 11 డిగ్రీలు, నురగే నురగ. మూడోది 7 డిగ్రీలు, నురగ కొంచెం తగ్గింది కానీ పోలేదు. అది చూసి ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ పనికొస్తోంది. మొదటి గ్లాసు మాత్రమే నురగొచ్చి తర్వాతవి బాగుంటే తప్పు ట్యాప్ దగ్గరి పైపులో ఉంటుంది, అక్కడ నిలబడ్డ బీరు వేడెక్కుతోందని అర్థం. వరసగా అన్నీ నురగొస్తే తప్పు వెనక, కెగ్ దగ్గరో గ్యాస్ దగ్గరో చిల్లర్ దగ్గరో ఉంటుంది. మా దగ్గర రెండూ ఉన్నాయి.

ఎండలో పెట్టిన గోలీసోడా కొడితే ఎలా పొంగుతుందో, వెచ్చబడ్డ బీరు ట్యాప్ దగ్గర అలాగే పొంగుతుంది. లీటరు లాగర్ బీరులో సుమారు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. బీరు 3 డిగ్రీల చల్లదనంలో ఉంటే ఆ గ్యాసుని లోపలే పట్టి ఉంచడానికి 11, 12 పీఎస్ఐ (టైరులో గాలి కొలిచేది కూడా ఇందులోనే) ఒత్తిడి సరిపోతుంది. అదే బీరు 10 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 18 పీఎస్ఐ కావాలి. నురగ వస్తోందని నాబ్ తగ్గిస్తే ఏమవుతుంది? గ్యాసు బీరులోంచి విడిపోయి పైపులోనే బుడగలవుతుంది. గ్లాసులోకి నురగ వస్తుంది, కెగ్‌లో మిగిలిన బీరు నెమ్మదిగా చప్పబడుతుంది. ఒకే గ్లాసులో రెండు రోగాలకీ కారణం ఇదే. ఇంత సూటిగా చెప్పినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

ఇక వెతకడం మొదలుపెట్టారు. కౌంటర్ కింద ఉన్న చిల్లర్ మూత తీస్తే, లోపల నీళ్లలో కాయిల్ చుట్టూ ఐసు గడ్డ బాగానే కట్టింది. కానీ ఆ నీళ్లని తిప్పే చిన్న మోటారు తిరగడం లేదు. ఐసు ఒక పక్క, బీరు వెళ్లే స్టీలు కాయిల్ ఇంకో పక్క. నీళ్లు కదలకపోతే ఆ చల్లదనం బీరుకి అందదు. చిల్లర్ ఆన్‌లో ఉంది, ఐసు కనబడుతోంది, కాబట్టి చిల్లర్ బాగానే ఉందని ఎవరైనా అనుకుంటారు. మోటారు రెక్కలకి పట్టిన పాకుడు తీసి, బుష్ మార్చి, తగ్గిన నీళ్లు నింపారు. వెనక కండెన్సర్ రెక్కల్లో మా కిచెన్ నూనె పొగా దుమ్మూ కలిసి జిడ్డులా పేరుకున్నాయి. బ్రష్షుతో, బ్లోయర్‌తో అది పూర్తిగా వదిలించేదాకా లేవలేదు.

కోల్డ్ రూమ్ నుంచి కౌంటర్‌కి వచ్చే పైపు తందూరీ పొయ్యి ఉన్న గోడ పక్కనుంచి వెళ్తుంది. దాని మీద ఉన్న నల్ల ఇన్సులేషన్ చిరిగి, తడిసి ముద్దయింది. అది మొత్తం మార్చారు. అక్కడే ఇంకోటి కూడా పట్టుకున్నారు. ఎప్పుడో లీకయితే ఎవరో పైపు మధ్యలో లావు పైపు ముక్క ఒకటి అతికారు. పైపు సన్నం, లావు లెక్క వేరే ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. కెగ్ లోపలి ఒత్తిడి బీరుని తోస్తుంది, పైపు రాపిడి దాన్ని ఆపుతుంది. ఈ రెండూ దాదాపు సరిసమానం కావాలి. లోపలి వ్యాసం పావు అంగుళం ఉన్న వినైల్ పైపు అడుగుకి సుమారు 0.85 పీఎస్ఐ తింటుంది. మాది 12 అడుగులు, అంటే 10 పీఎస్ఐ. ట్యాప్ కెగ్ కన్నా రెండడుగులు ఎత్తులో ఉంది, అది ఇంకో 1. మొత్తం 11. గ్యాసు ఒత్తిడికి సరిగ్గా సరిపోయే లెక్క. మధ్యలో లావు ముక్క పడగానే ఆ రాపిడి తగ్గి బీరు దూకుతూ వస్తుంది, దూకితే నురగే. పైపు మొత్తం ఒకటే సైజుది వేశాక, చిట్టచివర నాబ్‌ని తిరిగి 12కి పెట్టారు. గ్యాసుని ఆయన తాకింది అప్పుడే.

కెగ్‌ల విషయం కూడా. వ్యాన్‌లో ఊగుతూ ఎండలో వచ్చిన కెగ్‌ని మా వాళ్లు సాయంత్రానికే ఎక్కించేసేవారు. కోల్డ్ రూమ్ బోర్డు మీద 3 డిగ్రీలు అని కనిపిస్తుంది, అది గాలి వేడి. 50 లీటర్ల కెగ్ లోపలి బీరు అంతవరకు చల్లబడాలంటే కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే ఇప్పుడు వచ్చిన ప్రతి కెగ్ మీద చాక్‌పీసుతో తేదీ రాస్తున్నాం. ముందొచ్చింది ముందు, ఇవాళ వచ్చింది రేపటి తర్వాతే.

క్లీనింగ్‌కి ఆయన ఇచ్చే టైము చూస్తే గౌరవం కలుగుతుంది. ట్యాప్‌ని విప్పి ముక్కలు ముక్కలుగా ప్లేటులో పెట్టి మా కౌంటర్ కుర్రాళ్లందరినీ పిలిచి చూపించారు. వాషర్ వెనక గోధుమరంగు జిగురు. దానిలో పెరిగే బ్యాక్టీరియా వల్లే బీరు పులుపెక్కుతుంది, కొన్నిసార్లు వెన్న వాసన వస్తుంది. కాస్టిక్ సోడా కలిపిన క్లీనర్‌ని పంపుతో 15 నిమిషాలు పైపులో తిప్పాలి. పంపు లేకపోతే నింపి 20 నిమిషాలు ఉంచాలి. ఇది 14 రోజులకొకసారి జరగాలి. ఇంగ్లండ్ పబ్బుల్లో వారానికొకసారి చేయడం ఆనవాయితీ. పైపు గోడలకి పట్టే రాయిలాంటి పొర కాస్టిక్‌కి పోదు, దానికి మూడు నెలలకొకసారి యాసిడ్ క్లీనర్ కావాలి. ఆయన గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ఆ డబ్బా తెరవనివ్వరు. కడిగాక వచ్చే నీళ్లని పీహెచ్ కాగితంతో చూసి, మామూలు కుళాయి నీళ్ల రంగే వచ్చేదాకా నీళ్లు వదులుతూనే ఉంటారు. కాస్టిక్ మిగిలిపోతే కస్టమర్ గొంతు కాలే ప్రమాదం ఉంది. ఈ కాగితం పరీక్ష చేయని మనిషిని లైను ముట్టుకోనివ్వకండి. ఈ విషయంలో నేను రాజీపడను.

గ్లాసుల దగ్గర మా స్టాఫ్‌కి మొదట కోపం వచ్చింది. చికెన్ ఫ్రై ప్లేట్లు కడిగే సింకులోనే గ్లాసులూ కడిగి, అదే గుడ్డతో తుడుస్తున్నారు. మేస్త్రి ఒక గ్లాసు నీళ్లలో ముంచి తీసి, లోపల ఉప్పు చల్లారు. శుభ్రమైన గ్లాసుకి ఉప్పు అంతటా సమంగా అంటుకోవాలి. మాది మచ్చలు మచ్చలుగా అంటుకుంది, అంటుకోని చోటల్లా నూనె జిడ్డు. ఆ జిడ్డు మంచి బీరు మీద ఉండాల్సిన వేలెడంత నురగని కూడా నిమిషంలో చంపేస్తుంది, బుడగలు గ్లాసు గోడకే అతుక్కుని ఉండిపోతాయి. ఇప్పుడు గ్లాసులకి వేరే సింకు, వేరే బ్రష్షు. గుడ్డతో తుడవడం లేదు, స్టాండు మీద బోర్లించి ఆరనిస్తున్నాం. పొయ్యడం కూడా ఆయనే నేర్పారు. గ్లాసు 45 డిగ్రీలు వంచి, ట్యాప్ ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. భయపడి సగం తెరిస్తే ఆ ఇరుకు సందులోంచి బీరు చిమ్మి నురగవుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే అర లీటరు గ్లాసు సుమారు 8 సెకన్లలో నిండుతుంది.

గ్యాస్ సిలిండర్ గురించి చెప్పకుండా వదలలేను, ఎందుకంటే ఇది ప్రాణాల మాట. సిలిండర్ మీటరు చూసి ఎంత మిగిలిందో అంచనా వేయడం వృథా. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు కదలదు, అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవంగా ఉండదు. మన మే నెల ఎండలో వరండాలో నిలబెట్టిన సిలిండర్ మీటరు వేడిని బట్టి ఎక్కుతుంది, అది సరుకు లెక్క కాదు. సిలిండర్‌ని కాటా మీద తూచి, ఆ బరువులోంచి మెడ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయడమే లెక్క. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి లీకు చూశారు, సిలిండర్‌ని గోడకి గొలుసుతో కట్టించారు. ఒక కిలో గ్యాసు బయటికొస్తే 500 లీటర్లకు పైగా చోటు నింపుతుంది. రంగూ వాసనా ఉండదు, గాలికన్నా బరువు కాబట్టి నేల మట్టాన నిలుస్తుంది. గాలిలో 4 శాతానికి చేరితే ప్రాణాపాయం. కోల్డ్ రూమ్‌లో అలారం పెట్టించేదాకా ఆయన మమ్మల్ని వదల్లేదు. కెగ్ మార్చడానికి కుర్రాడు వెళ్తే తలుపు తెరిచే ఉంచాలి, బయట ఇంకొకరు ఉండాలి. ఇంత శ్రద్ధ తీసుకున్నందుకే ఆయనంటే నాకు అభిమానం.

ఇప్పుడు తగ్గించిన మార్కు సంగతి. చేసిన పని కాగితం మీద రాసివ్వరు. ఏ తేదీన ఏది మార్చారో మనమే పుస్తకంలో రాసుకోవాలి. కప్లర్ (కెగ్ మూతికి బిగించే భాగం) సీళ్లు, ట్యాప్ వాషర్లు తన దగ్గర నిల్వ ఉంచరు. విశాఖ నుంచి తెప్పించేదాకా ఆగాల్సిందే, కాబట్టి ఒక సెట్ మన దగ్గరే ఉంచుకోవడం మంచిది. ఫోన్ తీయడం తక్కువ, షాపుకి వెళ్లి చెబితేనే పని. రేటు మాత్రం న్యాయం. వచ్చి చూసినందుకు 800 రూపాయలు, సామాన్లు బిల్లు ప్రకారం, లైన్ క్లీనింగ్ వేరే. అవసరం లేని పార్టు ఏదీ అంటగట్టలేదు. పాత రెగ్యులేటర్ మార్చేద్దామని నేనే అంటే, "బాగానే ఉందండీ, డబ్బులెందుకు పాడు?" అన్నారు.

నాలుగైదు ట్యాపులు, పొడవైన గ్లైకాల్ లైన్లు (చల్లటి ద్రవం తిప్పి బీరు పైపుని చల్లగా ఉంచేవి) ఉన్న పెద్ద హోటళ్లకి ఆయన ఒక్కరి చెయ్యి సరిపోదు, కంపెనీ కాంట్రాక్టే తీసుకోవాలి. ఒకటి రెండు ట్యాపులున్న మాలాంటి చోటుకి మాత్రం ఇంతకన్నా మంచి మనిషి ఈ జిల్లాలో నాకు కనబడలేదు. ఒక చిక్కు ఉంది. మన బీరు మెషీన్ ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా అప్పుడే ఊరందరి ఏసీలూ ఆయన్ని లాగేసుకుంటాయి. కండెన్సర్, ఇన్సులేషన్, చిల్లర్ మోటారు పనులు ఫిబ్రవరిలోనే చేయించేసుకోండి. పొద్దున్న పదిలోపు షాపుకి వెళ్తే ఆయన ఉంటారు.