విశాఖ పాముల డాక్టరా, సామర్లకోట మొక్కల డాక్టరా?

ఎవరి పని గొప్పది? పాముల డాక్టరు పాట్రిక్ రస్సెల్, మొక్కల డాక్టరు విలియం రాక్స్‌బర్గ్, ఇద్దరూ స్కాట్లాండ్ డాక్టర్లే. ఇద్దరూ 1780లలో కోరమాండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకులుగా పనిచేశారు. 1789లో పాట్రిక్ రస్సెల్ ఇంటికి వెళ్ళిపోతే, ఆ ఉద్యోగంలోకి విలియం రాక్స్‌బర్గ్ వచ్చాడు.

పేరు రాక్స్‌బర్గ్‌దే పెద్దది, భారతీయ వృక్షశాస్త్ర పితామహుడంటారు. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశాడు. మన చిత్రకారుల చేత వందల మొక్కల బొమ్మలు గీయించి లండన్ పంపాడు. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం చాలావరకు బయటికి రాలేదు, అది కాస్త బాధే. 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు వెళ్ళాడు.

రస్సెల్ దారి వేరు. విశాఖలో జనం పాముకాటుకు చస్తుంటే, ఏది విషసర్పం, ఏది కాదు అని తేల్చడానికి కూర్చున్నాడు. పాముల చేత కోళ్ళను, కుక్కలను కరిపించి, అవి ఎంతసేపటికి ఎలా చనిపోయాయో రాసుకున్నాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది కానీ, అప్పట్లో అంతకన్నా దారి లేదు. అప్పుడు పాముకాటు మందుగా బాగా పేరున్న తంజావూరు మాత్రను కూడా పరీక్షించాడు. స్థానికులు పిలిచే పేర్లే రాసుకున్నాడు: రక్తపింజర ఆయన పుస్తకంలో 'కాటుక రేకుల పొడ'. 1796లో బొమ్మలతో ఆ పుస్తకం వచ్చింది. ఆ పాముకు ఇంగ్లీషులో ఇప్పుడు ఆయన పేరే.

నా ఓటు రస్సెల్‌కే. మొక్కల పనికి వెనక కంపెనీ వ్యాపారం ఉంది. పాముల పని పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాడికి కావాల్సింది.