సినీ ప్రైమ్ లెన్సుల సెట్టు కొనేవారికి హెచ్చరిక: డబ్బు కట్టక ముందే టేపు పట్టి కొలవండి

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో పెళ్లి వీడియోలు తీసే తోటివారు చాలామంది చవక ధరల సినీ ప్రైమ్ లెన్సుల గురించి (అంటే సినిమా చిత్రీకరణ కోసం చేసిన, జూమ్ లేని లెన్సులు) అడుగుతున్నందువల్ల, నాకు జరిగిన నష్టాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. 24, 35, 85 మిల్లీమీటర్ల (అంకె పెరిగేకొద్దీ బొమ్మ దగ్గరగా కనిపిస్తుంది) మూడు లెన్సుల సెట్టును చెన్నైలోని ఒక దుకాణం నుంచి 92,000 రూపాయలకు కొన్నాను. స్వయంగా వెళ్లి చూడకుండా, వారు పంపిన నమూనా వీడియోను నమ్మి కొరియర్‌లో తెప్పించుకోవడం నా తప్పే.

మొదటి పెళ్లిలో జీలకర్ర-బెల్లం వేళ 35 తీసి 85 తగిలించగానే, అంతవరకు తెల్లగా ఉన్న వధువు మధుపర్కాలు పసుపు నీళ్లలో ముంచినట్లు కనిపించాయి. నిజంగానే పసుపు అంటిందేమోనని తల ఎత్తి చూశాను కూడా! ఒకే సెట్టులోని లెన్సులు ఒకే రంగు ఇస్తాయన్న హామీ మీదనే మనం సెట్టు కొంటాము.

మరునాడు మైపాడు తీరంలో 24తో తీస్తే, ఫోకస్ రింగును చివరి వరకు తిప్పినా సముద్రపు అంచు మసకగానే ఉన్నది. ఇంటికి వచ్చి సెన్సారు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) నుంచి టేపుతో సరిగ్గా ఆరు అడుగులు కొలిచి చూడగా, రింగు మీది దూరపు అంకె ఏడున్నర అడుగులు దాటితే తప్ప బొమ్మ స్పష్టపడలేదు. లెన్సు సెన్సారుకు ఉండవలసిన దూరం కంటే 0.06 మిల్లీమీటరు, అంటే దాదాపు వెంట్రుక మందం, ఎడంగా కూర్చున్నా 24లో ఇంత తేడా వస్తుంది. అదే లోపం 85లో ఒక అంగుళానికి మించి కనిపించదు. లెన్సును కెమెరాకు బిగించే మౌంటు కింద ఉండే షిమ్ము అనే పలుచని లోహపు రేకును మార్చి దీన్ని సరిచేయవచ్చు, కానీ అది మనం ఇంట్లో చేసుకునే పని కాదు.

నమూనా వీడియోలో ఈ ఫోకస్ లోపం ఎందుకు బయటపడలేదంటే, దానిని మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎపర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, బాగా మూసి తీశారు. అలా మూసినప్పుడు ఫోకస్ లోతు పెరిగి ఇటువంటి లోపాలు కప్పబడిపోతాయి. మండపపు వెలుతురులో పూర్తిగా తెరిచి తీసే మనకు ఆ వీడియోతో పని లేదు.

అందువల్ల మీ సొంత కెమెరాను వెంట తీసుకువెళ్లి, మూడు లెన్సులనూ ఒకే టి-సంఖ్య వద్ద ఉంచి, ఒకే దీపం కింద తెల్లని పంచెను వీడియో తీసి, వెలుతురూ రంగూ పోల్చి చూడండి. టి-సంఖ్య లెన్సు గుండా నిజంగా వచ్చే వెలుతురును బట్టి వేసేది కనుక, మూడింటిలోనూ పంచె ఒకే వెలుగులో కనిపించాలి. ఆ తరువాత ఎపర్చరును పూర్తిగా తెరిచి, టేపుతో కొలిచిన ఆరు అడుగుల దగ్గరా, వీధి చివరి స్తంభం మీదా ఫోకస్ సరిగ్గా కుదురుతుందో లేదో పరీక్షించండి.

జీఎస్‌టీ బిల్లు తప్పక తీసుకోండి. నాకు ఇచ్చినది చేతిరాత ఎస్టిమేటు కాగితం మాత్రమే కావడంతో వారంటీ మాట ఎత్తడానికే వీలు లేకపోయింది. షిమ్ము మార్చడానికి ఆ దుకాణం వారు వేరుగా 4,500 రూపాయలు అడిగారు. ఆ 24 లెన్సు ఇప్పటికీ వారి దగ్గరే ఉన్నది.