రిఫర్బిష్డ్ కెమెరాకు ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టాలా, ఆ పైసలు పక్కన పెట్టుకోవాలా?

బిల్లు రాసే వేళకు ఆ మాట వస్తుంది: "ఇంకో ఏడు వేలు కట్టండి సార్, రెండేండ్లు బేఫికర్." హన్మకొండలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మాట అదే. బాడీ (లెన్సు లేని కెమెరా) మీద అప్పటికే అరవై వేలు పెట్టినవాళ్లకు ఏడు వేలు పెద్దగా అనిపించవు. కట్టేముందు మాత్రం ఆ కాగితం వెనకవైపు చదవాలి.

అంతకన్నా ముందు, అమ్మేవాళ్లు రిఫర్బిష్డ్ అని దేన్ని అంటున్నారో తేల్చుకోండి. కంపెనీయే వెనక్కి తీసుకుని, తన సర్వీస్ సెంటర్‌లో చెడిన భాగం మార్చి, తన వారంటీతో అమ్మేది ఒక రకం. షోరూంలో చూపడానికి పెట్టిన డెమో పీసు, డబ్బా తెరిచాక తిరిగొచ్చిన పీసు రెండో రకం. సెకండ్స్‌లో కొని, బ్లోయర్ కొట్టి, సెన్సర్ (లోపల బొమ్మను పట్టే చిప్) తుడిచి, గ్రిప్‌కు కొత్త రబ్బరు అంటించి అమ్మేది మూడో రకం. ఈ మూడో రకానికి ఇచ్చే ఆరు నెలల గ్యారంటీ షాపుది, కంపెనీది కాదు. షాపు మూతపడితే గ్యారంటీ కూడా దాంతోనే పోతుంది. సీరియల్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆ పీసు ఇండియాలో అమ్మిందో, కంపెనీ దారిలో కాకుండా బయటి దేశం నుంచి వచ్చిన గ్రే మార్కెట్ సరుకో తెలుస్తుంది. పాత బాడీ మీద కొత్త రబ్బరు, తలలు గీసుకుపోయిన స్క్రూలు కనిపిస్తే అది ఇంతకుముందు విప్పిన కెమెరా. విప్పడం తప్పేమీ కాదు, ఎందుకు విప్పారో చెప్పకపోవడమే తప్పు.

వారంటీ మేలా కాదా అన్నది చాలావరకు షట్టర్ దగ్గరే, అంటే ఫొటో తీసినప్పుడల్లా సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే తెర దగ్గరే తేలుతుంది. కెనాన్ 6డి, 80డిలకు కంపెనీ చెప్పిన షట్టర్ ఆయుష్షు 1,00,000 క్లిక్కులు. కెనాన్ 5డి మార్క్ 4, నికాన్ డి750లకు 1,50,000. నికాన్ డి850, సోనీ ఏ7 3లకు 2,00,000. కెనాన్ ఆర్6కు 3,00,000. ఇది గడువు తేదీ కాదు. దాటి నడిచేవీ ఉంటాయి, సగంలో ఆగేవీ ఉంటాయి. లెక్క వేసుకోవడానికి మాత్రం ఇంతకు మించిన ఆధారం లేదు. పెండ్లికి 3,000 క్లిక్కుల చొప్పున ఏడాదికి 25 పెండ్లిళ్లు తీస్తే 75,000 అవుతాయి. అప్పటికే 90,000 కొట్టిన డి750ని అట్ల వాడితే పదో నెలకల్లా లక్షన్నరకు చేరుతుంది. అంటే షాపు ఇచ్చిన ఆరు నెలలు దాటాక, డబ్బు కట్టిన వారంటీ నడుస్తున్నప్పుడు. వారంటీ బాగా పనికొచ్చేట్టే కనబడుతుంది కదా? చాలా ప్లాన్లలో "అరుగుదల వల్ల వచ్చే లోపాలు వర్తించవు" అని ఒక వాక్యం ఉంటుంది. షట్టర్ అరిగే భాగమే అని వాళ్లు అంటే మీ ఏడు వేలూ నీళ్లపాలు.

అందుకే కట్టేముందు మూడు ప్రశ్నలకు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. షట్టర్ యూనిట్ కవర్ అవుతుందా? పెండ్లి ఆర్డర్లకు వాడితే చెల్లుతుందా? మొదలయ్యేది కొన్న రోజు నుంచా, షాపు గ్యారంటీ అయిపోయాకా? రెండో ప్రశ్నను ఎవరూ అడగరు, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో టీవీకీ ఫ్రిజ్‌కూ అమ్మే ప్లాన్లనే కెమెరాకూ అంటగడతారు. వాటిలో "గృహ వినియోగానికి మాత్రమే" అని ఉంటే స్టూడియోవాళ్ల క్లెయిమ్ నిలవదు. మూడోదానికి జవాబు "కొన్న రోజు నుంచి" అయితే మొదటి ఆరు నెలలకు ఊరికే వచ్చే గ్యారంటీనే మీరు మళ్లీ కొంటున్నట్టు. రెండేండ్లని చెప్పినా దక్కేది ఏడాదిన్నర.

ఇక డబ్బు లెక్క. ప్లాన్ 7,000, షట్టర్ మార్పిడి 14,000 అనుకుందాం. షట్టర్ పోవడానికి సగానికి సగం అవకాశం ఉంటేనే ఆ ప్లాన్ గిట్టుబాటు. మదర్‌బోర్డు పోతే 35,000 అవుతుందనుకుంటే, అయిదు కెమెరాల్లో ఒకటి పోయేట్టుంటే కట్టొచ్చు. అసలు ఖర్చు ఎంతో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి మీ మోడల్ పేరు చెప్పి అడగండి, ఆ రెండు అంకెలు ఇక్కడ వేసి చూసుకోండి. ప్లాన్‌లో ఏటా తరుగు కోసి మిగతాదే ఇస్తామని ఉంటే లెక్క ఇంకా దిగుతుంది. ముప్ఫై వేల లోపు డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) బాడీకి, ఇంట్లో పిల్లల ఫొటోలు తీసుకోవడానికి, ఈ లెక్క ఏ వైపు నుంచి వేసినా కుదరదు. ఏడాదికి అయిదు వేలు క్లిక్కులు కొట్టే చేతిలో షట్టర్‌కు వచ్చే ముప్పేమీ లేదు. ఆ డబ్బుతో కంపెనీ బ్యాటరీ ఇంకోటి కొనుక్కోవడం మేలు.

అసలు మన దగ్గర కెమెరాలు పాడయ్యే తీరు చూస్తే వారంటీ కాగితం ఇంకా చిన్నదైపోతుంది. హల్దీలో పసుపు పొడి జూమ్ రింగులోకి, డయళ్ల సందుల్లోకి పోతుంది. మంగళస్నానం నీళ్లు హాట్‌షూలోకి (పైన ఫ్లాష్ బిగించే చోటు) దిగుతాయి. మేడారం జాతర దుమ్ము, గోదావరిఖని బొగ్గు పొడి సెన్సర్ మీద చుక్కలై కనబడతాయి. ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ తెరకు లైవ్ ఇవ్వడానికి రోజంతా హెచ్‌డీఎంఐ కేబుల్ వేలాడుతుంటే కెమెరా వైపు పోర్టు వదులవుతుంది. సోనీ ఏ7 3లో ఉండేది మరీ సన్నటి మైక్రో పోర్టు, బాడీకి కేబుల్ క్లాంపు లేకుండా వాడితే తొందరగా పోతుంది. బరాత్‌లో డీజే లేజర్ నేరుగా లెన్సులోకి కొడితే సెన్సర్ మీద పిక్సెల్‌లు కాలి నిలువు గీత పడుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ నుంచి చూస్తున్నంతసేపు అద్దం సెన్సర్‌ను కాపాడుతుంది. అద్దమే లేని మిర్రర్‌లెస్‌లో, వీడియోలో సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వానాకాలం ముసురు రోజుల్లో బ్యాగులోనే వదిలేసిన లెన్సుకు బూజు పడుతుంది. దుమ్ము, నీళ్లు, దెబ్బ, లేజర్, బూజు: వీటిని బయటి కారణాలంటారు, మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీలో వీటికి చోటుండదు. కింద పడ్డా ఇంతే, దొంగతనం పోయినా ఇంతే.

కాబట్టి పెండ్లి ఫొటోగ్రాఫర్ బేరీజు వేయాల్సింది వారంటీనీ ఇన్సూరెన్స్‌నీ. సాధారణ బీమా కంపెనీల దగ్గర పరికరాలకు ఆల్ రిస్క్ పాలసీ దొరుకుతుంది. కింద పడటం, దొంగతనం వంటివి అందులో వస్తాయి, అరుగుదలా లోపలి లోపాలూ రావు. అంటే వారంటీకి ఇది తిరగేసిన బొమ్మ. ఒకటే కట్టగలిగితే ఇన్సూరెన్సే మేలు. బండిలో వదిలిన బ్యాగుకు ఏ షరతు ఉందో, విలువను పాత ధరకు కట్టారో కొత్త ధరకు కట్టారో చూసుకుని కట్టండి.

వారంటీ నిజంగా మేలయ్యే చోటు ఒకటుంది. లక్ష దాటిన ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్, ప్లాన్ ఇచ్చేది కంపెనీయే లేదా దాని అధీకృత సర్వీస్, షట్టరూ బోర్డూ సెన్సర్ స్టెబిలైజరూ (చేతి వణుకును సరిచేసే భాగం) పేరు పెట్టి రాశారు, వృత్తికి వాడొచ్చని ఉంది. ఈ నాలుగూ ఉంటే కట్టండి. ఒకటి తగ్గినా ఆ పైసలను విడిగా ఒక ఖాతాలో వేసుకోండి.

మిగతావాళ్లందరికీ ఊరికే వచ్చే వారంటీ ఒకటుంది: వాపసు గడువు. ఎలక్ట్రానిక్ లోపాలు చాలామటుకు మొదట్లోనే బయటపడతాయి. ఏడు రోజులో, పదిహేను రోజులో, ఎంత గడువిస్తే అందులోనే కెమెరాను కష్టపెట్టండి. తెల్ల గోడ మీద మాన్యువల్ ఫోకస్‌తో, లెన్సు రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్16కు చిన్నది చేసి ఒక ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము కనబడుతుంది. లెన్సు మూత పెట్టి 30 సెకన్లు, ఐఎస్ఓ 1600 పెట్టి ఫొటో తీస్తే వేడి పిక్సెల్‌లు (చీకట్లోనూ మెరిసే చుక్కలు) బయటపడతాయి. ఆకాశం వైపు 1/4000 సెకనులో పది ఫొటోలు కొట్టండి. పైనో కిందనో నల్లపట్టీ వస్తే షట్టర్ తెర తడబడుతున్నట్టు. కెనాన్‌లో ఎర్రర్ 30 వస్తే అనుమానం షట్టర్ మీదికే పోవాలి. ఎర్రర్ 01 అయితే లెన్సు కాంటాక్టులు, తుడిస్తే పోవచ్చు. రెండు కార్డు స్లాట్లు, ఫ్లాష్ ట్రిగ్గర్, హెచ్‌డీఎంఐ, ట్రైపాడ్ మర అన్నీ వాడి చూడండి. చివరగా ఒక గంటసేపు వీడియో తీయండి.

షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా కొట్టిన క్లిక్కుల లెక్క, నికాన్‌లో ఎడిట్ చేయని జేపెగ్‌లోనే దొరుకుతుంది. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి కేబుల్ కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. వీడియో గంటలు ఈ కౌంట్‌లోకి రావు. 20,000 క్లిక్కులే అని మురిసిపోయిన బాడీ రెండేండ్లు పెండ్లి సినిమాలు తీసినదై ఉండొచ్చు, దాన్ని హెచ్‌డీఎంఐ పోర్టు వదులుతనం పట్టిస్తుంది. డి750 కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. షట్టర్ లోపం ఉందని నికాన్ 2015లో ప్రకటించి, సీరియల్ నంబర్ల వారీగా ఉచితంగా బాగు చేసింది. ఆ పని అయిందో లేదో సీరియల్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి.

వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. వారంటీ ఉన్నా, రానుపోను కొరియర్ ఎవరు భరిస్తారు, దారిలో విరిగితే ఎవరిది బాధ్యత అన్నవి మిగిలే ఉంటాయి. ముహూర్తాల్లో కెమెరా చెడితే అసలు నష్టం మరమ్మతు ఖర్చులో ఉండదు, బదులు బాడీకి కట్టే కిరాయిలో ఉంటుంది. దాన్ని ఏ ప్లానూ ఇవ్వదు. శుభ్రం చేయించడానికి, షట్టర్ చూపించడానికి ముహూర్తాలు లేని ఆషాఢం ఉంది కదా.

మాట తప్పితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేండ్లలోపు పోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే మాటతోనే తేలేవీ ఉంటాయి. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని అవతలివాళ్లు వాదించొచ్చు. సొంత ఉపాధి కోసం, తన బతుకుదెరువుకు కొన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉంది. అందుకని బిల్లు మీ పేరున ఉండాలి, దాని మీద సీరియల్ నంబర్, రిఫర్బిష్డ్ అన్న మాట, ఆ రోజు షట్టర్ కౌంట్ రాయించుకోవాలి. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే మాసిపోతాయి, కొన్న రోజే జిరాక్స్ తీయించి వారంటీ కాగితానికి పిన్ను కొట్టండి.