పాత లారీకి కొత్త థర్మోస్టాట్ హౌసింగ్: రెండు ఎండాకాలాల తర్వాత

నాది వయసు మీరిన లారీ. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. గుంటూరు నుంచి మిర్చి బస్తాలు వేసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో బేతంచెర్ల బండలు ఎక్కించుకుని నల్లమల ఘాట్ దాటుతుంది. రేడియేటర్ పై పైపు ఇంజిన్ హెడ్డుకు కలిసే చోట ఉన్న అల్యూమినియం హౌసింగ్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ కూర్చునే గూడు) దగ్గర నీళ్లు కారుతుంటే మొత్తం మార్పించాను. అప్పటి నుంచి రెండు ఎండాకాలాలు దాటాయి. ఒక్క చుక్క కారలేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఈ లీకు తొందరగా దొరకదు. బండి చల్లగా ఉన్నప్పుడు పొడిగానే కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కి ప్రెషర్ వచ్చాకే చెమ్మ బయటికొస్తుంది, ఆ వేడికే ఆరిపోతుంది. మిగిలేది తెల్లటి ఉప్పు చారిక మాత్రమే. కారిన నీళ్లు బ్లాకు మీదుగా జారి వాటర్ పంపు దగ్గర బొట్లు కడతాయి. దాంతో చాలామంది పంపు పోయిందనుకుని దాన్ని విప్పుతారు. పైనుంచి కిందికి శుభ్రంగా తుడిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, మొదటి తడి ఎక్కడ మెరుస్తుందో చూడాలి. పంపు ఖర్చు మిగులుతుంది.

దారిలో ఒక షెడ్డులో ప్యాకింగ్ మార్చి, సిలికాన్ గమ్ దట్టంగా పూసి పంపారు. కొద్దిరోజులకే మళ్లీ కారింది. హౌసింగ్ విప్పి ఫేస్ (హెడ్డుకు ఆనుకునే చదును ముఖం) గీకితే అసలు సంగతి తెలిసింది. నీటి దారి చుట్టూ అల్యూమినియం గుంటలు పడి, ఒక గుంట బోల్టు రంధ్రం దాకా పాకింది. అలాంటి ఫేస్ మీద ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆగదు. ఏళ్ల తరబడి కూలంట్ లేకుండా ఉప్పు బోరు నీళ్లు పోస్తే, ఇనుప హెడ్డును ఆనుకున్న అల్యూమినియం ఇలాగే తినేసుకుపోతుంది. గమ్ ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది: లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి రేడియేటర్ ట్యూబుల్లో ఇరుక్కుంటాయి.

ఆటోనగర్‌లో రెండు రకాల హౌసింగులు చూపించారు. లోకల్‌గా పోత పోసినది చవక, కానీ అద్దం మీద పెట్టి నొక్కితే ఊగింది, అంటే ఫేస్ చదునుగా లేదు. లేత్ మీద ఫేస్ కొట్టిస్తే పనికొస్తుందన్నారు. నేను డబ్బు ఎక్కువైనా కంపెనీదే తీసుకున్నాను. పల్చటి పేపర్ ప్యాకింగ్ వేసి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించారు. 8 ఎంఎం బోల్టుకు 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చాలు, బలం చూపిస్తే బోల్టు పట్టే అల్యూమినియం చెవి విరుగుతుంది.

థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులో ఉంటారు. దయచేసి వినకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ లోపలి లైనర్లు త్వరగా అరుగుతాయి. బైపాస్ దారి (నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజిన్‌లోనే తిరిగే దారి) ఉన్న ఇంజిన్లలో ఇంకా నష్టం: ఆ దారిని మూసేది కూడా ఈ వాల్వే. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొస్తాయి, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఉడికిపోతుంది. కొత్త వాల్వ్ మీద 82 అని ఉంది, అంటే 82 డిగ్రీల సెల్సియస్‌కు తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి, ఆ వేడికి తెరుచుకోవడం మొదలైందని కళ్లతో చూశాకే బిగించనిచ్చాను. దానికున్న చిన్న గాలి పిన్ను పైవైపు ఉండాలి, లేకపోతే గాలి చిక్కుకుంటుంది.

కూలంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోస్తున్నాను. అంత పెద్ద రేడియేటర్ నింపాలంటే ఖర్చు బాగానే అవుతుంది, ఈ రిపేరులో నాకు భారమనిపించింది అదొక్కటే. కానీ మూత తీసి చూస్తే తుప్పు రంగు లేదు. మే నెలలో నంద్యాల వైపు నిండు లోడుతో ఘాట్ ఎక్కినా గేజి ముల్లు మధ్య దాటలేదు. ఇదివరకు పక్కన ఆపి ఇంజిన్ చల్లారేదాకా కూర్చునే టెన్షన్ పోయింది. క్యాబిన్‌లో నీళ్ల క్యాన్ ఇప్పుడు తాగడానికే.

హౌసింగ్ బాగుంది కానీ పై పైపు పాతదే ఉంచాం. దాని మూతి గట్టిపడుతోంది, క్లిప్పు ఎంత బిగించినా రబ్బరు అణగడం లేదు. మీరు హౌసింగ్ మార్పించేటట్టయితే పైపు, క్లిప్పులు అప్పుడే మార్పించండి, ఎలాగూ నీళ్లన్నీ దించుతారు. నాది వచ్చే కూలంట్ మార్పుకు వేయిస్తాను.