నెల్లూరులో ఆర్గానిక్ సరుకు: ప్యాకెట్ చూసి కొనండి, బోర్డు చూసి కాదు

సూపర్‌మార్కెట్లలో ఇప్పుడు ఆర్గానిక్ అని విడిగా ఒక సెక్షన్ పెడుతున్నారు కదా, అక్కడ కొనొచ్చా అని చుట్టాలూ పక్కింటివాళ్లూ అడుగుతూనే ఉన్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పప్పులు, బియ్యం, చిరుధాన్యాలు, బెల్లం లాంటివి సీలు వేసి, వెనక సర్టిఫికెట్ గుర్తులున్న ప్యాకెట్లయితే ధైర్యంగా తీసుకోండి. కూరగాయలు, ఆకుకూరలు మాత్రం అక్కడ కొనకండి.

నేను వెళ్లేది నెల్లూరులోనే ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కి. ప్యాకెట్ సరుకు వరకు వాళ్లని మెచ్చుకోవాల్సిందే. కందిపప్పు, పెసరపప్పు, కొర్రలు, సామలు, అండుకొర్రలు, రాగిపిండి, గానుగ నూనె, పసుపు, నల్లబెల్లం అన్నీ వరసగా సర్ది ఉంటాయి, తేదీ దాటిన సరుకు నాకైతే ఎప్పుడూ కనపడలేదు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. జైవిక్ భారత్ గుర్తు ఉండాలి, దాంతోపాటు ఇండియా ఆర్గానిక్ గుర్తు గానీ పీజీఎస్ గుర్తు గానీ ఉండాలి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉండాలి. ఇండియా ఆర్గానిక్ అంటే 2001 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ ఆర్గానిక్ కార్యక్రమం ఎన్‌పీఓపీ పద్ధతిలో బయటి సంస్థ వచ్చి పొలం, రికార్డులు తనిఖీ చేసి ఇచ్చేది. పీజీఎస్ అంటే రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ఇందులో పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం మందుల సాగు నుంచి ఆర్గానిక్‌కి ఇంకా మారే దశలోనే ఉందని అర్థం, పూర్తి ఆర్గానిక్ కాదు. ఇది చాలామందికి తెలియదు, రెండూ ఒకే అరలో ఒకే రేటుకి పెట్టేస్తుంటారు.

రేటు ఎక్కువే, అందులో దాపరికం లేదు. కందిపప్పు బయట కిలో ఎంతుందో దానికి సగం పైగా కలిపి ఇవ్వాలి. కానీ దీని మీద నాకు కోపం లేదు, ఎందుకంటే మందులు మానేసిన రైతు వెంటనే ఆర్గానిక్ అని అమ్ముకోలేడు, ఏటా వేసే పంటలకి ఎన్‌పీఓపీలో రెండేళ్లు ఆగాలి, తోటలకైతే మూడేళ్లు, ఆ కాలమంతా దిగుబడి తగ్గినా మామూలు రేటుకే అమ్ముకోవాలి. ఆ కష్టానికి మనం ఇచ్చేది ఎక్కువేం కాదు. నాకు బాధ కలిగేది వేరే సంగతి. మన పక్కనే ప్రకాశం జిల్లాలో అంత కంది పండుతుంటే ఇక్కడ దొరికే ప్యాకెట్లు ఎక్కువగా వేరే రాష్ట్రాలవి. బియ్యం అరలో కేరళ నవారా ఉంది, కాలాబట్టి అనే నల్లబియ్యం ఉంది, మన నెల్లూరు పాత రకం మొలగొలుకులు మాత్రం లేవు. నెల్లూరులో కూర్చుని మొలగొలుకులు దొరక్కపోవడం ఏందండీ?

ఇంకో జాగ్రత్త. నాచురల్, కెమికల్ ఫ్రీ, ఫామ్ ఫ్రెష్ అని పెద్ద అక్షరాలతో రాసి పైన చెప్పిన గుర్తులేవీ లేని ప్యాకెట్లు కూడా ఇదే అరలో కలిసిపోయి ఉంటాయి. ఆ మాటలకి తనిఖీ చేసినవాళ్లెవరూ ఉండరు. బెల్లంలో ఇది మరీ ఎక్కువ, పసుపుపచ్చగా తళతళలాడే అచ్చుల మీద కూడా నాచురల్ అనే ఉంటుంది. బెల్లానికి అంత లేత రంగు రావాలంటే మామూలుగా హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు. నల్లగా ముద్దగా ఉన్నదే తీసుకోండి, పాయసానికి రంగు రాదని మా అత్తమ్మ మొదట్లో ఒప్పుకోలేదు గానీ రుచి చూశాక ఇప్పుడు ఆవిడే అడిగి తెప్పించుకుంటోంది.

ఇక కూరగాయల దగ్గరికి వద్దాం. ఆకుపచ్చ బోర్డు, కింద థర్మోకోల్ ట్రేలు, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు, దాని మీద ఆర్గానిక్ అని స్టిక్కరు. వంకాయలన్నీ ఒకే సైజు, ఒకే నిగనిగ. స్టిక్కరు మీద బరువు, రేటు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయి గానీ పండించిన ఊరు లేదు, సర్టిఫికెట్ నంబరు లేదు, ఏ గుర్తూ లేదు. అక్కడ సర్దుతున్న అబ్బాయిని ఇవి ఏ ఊరివి నాయనా అని అడిగితే, "తెలీదక్కా, బండిలో వస్తాయి, మేము ట్రేల్లో సర్దుతాం" అన్నాడు. పాపం వాడి తప్పేముంది. నా కళ్ల ముందే ఒకే క్రేటులోంచి కొన్ని ఈ ట్రేల్లోకి, మిగతావి పక్కన మామూలు వంకాయల రాశిలోకి పోయాయి! మేనేజర్‌ని అడిగితే సప్లయర్ చెప్పిందే మేము రాస్తాం మేడమ్ అన్నాడు. సర్టిఫికెట్ చూపించమంటే ఆఫీసులో ఉంటుంది, ఇక్కడ ఉండదు అన్నాడు. 2017లో ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన ఆర్గానిక్ ఆహార నిబంధనల ప్రకారం ఆర్గానిక్ సరుకుని మామూలు సరుకు నుంచి వేరుగా తెలిసేటట్టు పెట్టాలి. పండించిన రైతు నేరుగా తినేవాళ్లకి అమ్ముకుంటే సర్టిఫికెట్ లేకపోయినా మినహాయింపు ఉంది గానీ, అంత పెద్ద సూపర్‌మార్కెట్‌కి అది వర్తించదు.

పిలకాయలున్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. కూరగాయల మీది పురుగుమందు ఉప్పునీళ్లలో కడిగితే పోతుందిలే అనుకుంటాం. పైపైన అంటుకున్నది కొంత పోతుంది నిజమే, మొక్క లోపలికి పీల్చుకునే రకం మందులు కడిగితే పోవు. మోనోక్రోటోఫాస్ అలాంటిదే, కూరగాయల మీద కొట్టకూడదని ఎన్నో ఏళ్ల కిందటే నిషేధించారు. వంకాయకి కాయతొలుచు పురుగు బెడద ఎక్కువ, అందుకే మందు కొట్టడం కూడా ఎక్కువ. కరివేపాకు సంగతి చెప్పక్కర్లేదు, దాన్ని మనం పచ్చిగా చట్నీల్లో కూడా వేసుకుంటాం. వీటికోసమే ఆర్గానిక్ వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి ఉత్త స్టిక్కరు అంటించి రెట్టింపు వసూలు చేయడం నాకు మంటగా ఉంది.

మరి కూరగాయలు ఎక్కడ కొనాలి అంటారా. నేను ఫత్తేఖాన్‌పేట రైతుబజారుకి వెళ్తాను. అక్కడ ప్రకృతి వ్యవసాయం చేసే ఒక అక్క దగ్గర తీసుకుంటాను, కోవూరు అవతలి పల్లె నుంచి వస్తుంది. ఆకుకూరలకి తూట్లు ఉన్నాయి కాబట్టి మందు కొట్టలేదు అని చాలామంది అనుకుంటారు, అది గుర్తు కాదు, మందు కొట్టినా పురుగు తినొచ్చు. నాకు నమ్మకం కుదిరింది ఆమె చేను చూశాకే. ఎప్పుడైనా రండమ్మా చూద్దురు గానీ అని ఆమే పిలిచింది. చేని గట్టు మీద నీడలో 200 లీటర్ల నీలం డ్రమ్ము, మూతకి గోనెపట్టా, అందులో నేలకి బలమిచ్చే జీవామృతం. పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. కట్టెతో కలుపుతుంటే పులిసిన వాసన గుప్పుమని కొట్టింది. చేను చుట్టూ జొన్న, మడుల మధ్యలో బంతి, అక్కడక్కడా పసుపురంగు జిగురు అట్టలు, వాటి నిండా అంటుకున్న తెల్లదోమ. ప్రభుత్వం 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా నేర్పిస్తున్న పద్ధతులే ఇవి, ఆ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా, ఇంకో ఇద్దరితో కలిపి, వచ్చింది.

ఆమె దగ్గర అన్ని రకాలూ ఉండవు, ఆ కాలంలో ఏది కాస్తే అదే. ఎండాకాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్ అడగకండి. గోంగూర, చుక్కకూర, బీర, సొర, గోరుచిక్కుడు బాగుంటాయి. మామూలు రేటు కంటే కిలోకి ఐదో పదో ఎక్కువ, అంతే. తెల్లారగానే వెళ్లాలి, తొమ్మిది దాటితే ఏమీ మిగలవు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు ఆమె దగ్గర దొరకవు, అవి నేను మామూలువే కొంటున్నాను.

ప్యాకెట్ సరుకు కొనేవాళ్లు కిలో, రెండు కిలోలకి మించి తెచ్చుకోకండి. మన ఉక్కకి పాలిష్ పట్టని బియ్యం, కొర్రలు తొందరగా పురుగు పడతాయి. ఎండు వేపాకు వేసి స్టీలు డబ్బాలో పెడుతున్నాను, ఎండు మిరపకాయలు వేసినా పనిచేస్తుంది.

సూపర్‌మార్కెట్ మేనేజర్‌కి కాగితం మీద రాసిచ్చాను. ప్రతి ట్రే మీద రైతు ఊరు, సర్టిఫికెట్ నంబరు వేయండి, లేదంటే ఆ బోర్డు తీసేయండి అని. సప్లయర్‌తో మాట్లాడతాం అన్నారు. మీరు కూడా వెళ్లినప్పుడు ఇదే అడగండి, నలుగురు అడిగితే వాళ్లు పట్టించుకోక తప్పదు.