కొన్న ఈకలు, పెరటి ఈకలు: ఫ్లైలు కట్టేవాడి మాట

గుణుపురం దగ్గర వంశధారలో ఫ్లైతో, అంటే గాలానికి ఈకలు కట్టి పురుగులా, చిన్న చేపలా చేసిన ఎరతో చేపలు పట్టేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. ఈకలు చేత్తో పట్టుకు చూసి కొనే దుకాణం చుట్టుపక్కల లేదు. ఏళ్ల తరబడి అన్ని రకాలూ కట్టి చూశాను. గట్టిగా డబ్బు పెట్టాల్సింది పుంజు మెడ ఈకలకే, అదీ నీటి మీద తేలే ఫ్లైలు కట్టేవాళ్లే.

ఇందుకోసమే తరతరాలుగా ఎంచి పెంచిన విదేశీ పుంజుల మెడ ఈక సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈక మొదలు దగ్గర నూగు తక్కువ. గాలానికి చుట్టగానే పోగులు బిరుసుగా నిలబడి దాన్ని నీటి మీద మోస్తాయి. చిన్న ఫ్లైకి ఒక్క ఈక చాలు. మన నాటు పుంజు ఈక పొట్టి, నూగెక్కువ, నీళ్లు పీల్చేస్తుంది. అయితే కొర్రమీనుకు కట్టే పెద్ద ఫ్లైకి తేలాల్సిన పనేముంది? దాని తోకకు నాటుదే వాడతాను. పందెగాళ్లు రంగును బట్టి డేగ, కాకి, సేతువ అంటారు కదా, నా డబ్బాల మీదా అవే పేర్లు. పెట్ట ఈక ఇంకా మెత్తన, మునిగే ఫ్లైలకు బాగుంటుంది.

నెమలి పింఛం పోగుల మెరుపుకు సాటి లేదు, కానీ చేప పళ్లకు ఇట్టే తెగుతాయి. పైన సన్నటి రాగి తీగ ఎదురు దిశలో చుడితే నిలుస్తాయి. రాలిన పింఛాలు మన దేశంలో అమ్ముకోవచ్చు, ఎగుమతికి మాత్రం వీల్లేదు. అడవికోడి ఈకలు ఎవరైనా తెచ్చిచ్చినా తీసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది బాతు. తోక మొదట్లో నూనె గ్రంథి చుట్టూ ఉండే చిన్న ఈకలు గాలిని పట్టి ఉంచి తేలతాయి. ఫ్లైలు తేలడానికి రాసే జెల్ వీటికి రాస్తే పోగులు అతుక్కుపోయి పాడవుతాయి. చేప ఒంటి జిగురు అంటితే కడిగి ఆరబెట్టాలి. వానాకాలంలో అది తొందరగా ఆరదు.

మారబు పేరు కొంగదే అయినా ఇప్పుడు అమ్మేది టర్కీ కోడి ఈక. నీటిలో బాగా కదులుతుంది, కొనుక్కోండి.

పెరటి ఈకల్ని షాంపూతో కడిగి, పూర్తిగా ఆరాక కవర్లో పెట్టి కొన్నాళ్లు ఫ్రీజర్లో ఉంచితే పురుగు చస్తుంది. అక్కడ ఈకలు చూసి మా అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

కొత్తవాళ్లు ఈకలతో సహా అమ్మే పుంజు మెడ తోలు పూర్తిగా కొనక్కర్లేదు, సగం కూడా అమ్ముతారు. 14, 16 సైజు చిన్న గాలాలకు సరిపడే ఈకలున్నాయో లేదో అడిగి తీసుకోండి.